గెలిచిందెవడు అల్లుడా?

బసంత్‌నగర్ టోల్‌గేటు దగ్గర, రాజీవ్ రహదారి పక్కన ఒక చాయ హోటల్ ఉంది. పొద్దున ఆరున్నరకు అక్కడ బల్ల మీద కూర్చుంటే, ఎనిమిది కొట్టేలోపు దేశంలోని సమస్యలన్నీ ఒక్కొక్కటిగా తేలిపోతాయి. మొన్న మాత్రం ఒకటి తేలలేదు. ఆ ప్రశ్న వేసింది మా మేనమామ.

మామ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్‌గా చేసి దిగిపోయిన మనిషి. 35 టన్నుల బండితో మొదలుపెట్టి 100 టన్నుల బండి దాకా నడిపాడు. పేపరు కూడా లోడు బండి నడిపినట్టే చదువుతాడు. తొందరపడడు, ఒక్క ముక్క కింద పడనియ్యడు. ఆ రోజు పేపరు మడిచి, అద్దాలు తీసి, నా వైపు తిరిగాడు.

"అల్లుడా, గీ ఫార్ములా-ఈ, ఫార్ములా-ఈ అని ఎన్నొద్దుల సందో ఇంటున్న. యాభై అయిదు కోట్లంటున్నరు, ఏసీబీ అంటున్నరు, ఈడీ అంటున్నరు, హైకోర్టంటున్నరు. అంత మంచిదే. గని గా రేసుల గెలిసిందెవడురా?"

హోటల్లో ఒక్కసారి చప్పుడు ఆగింది. బజ్జీల నూనె ఒక్కటే మాట్లాడుతోంది.

మొదట తేరుకున్నది బజ్జీలు వేసే ఆయనే. "సచిన్ టెండూల్కర్ కాదా? టీవీల కారు నడుపుతుండె, నేను జూసిన."

కాలేజీ పిల్లవాడు నవ్వాడు. "సచిన్ కాదు తాతా, రామ్‌చరణ్. ఆనంద్ మహీంద్రాకు నాటు నాటు స్టెప్పు నేర్పిచ్చిండు గదా!"

సిమెంటు లారీ డ్రైవర్ చాయ గ్లాసు కింద పెట్టాడు. "గెలిసింది ఎవడో నాకు తెల్వది గని, ఓడింది మేం. ట్యాంక్‌బండ్ దిక్కు పోకుంట దారి బంద్ జేసిన్రు."

మూలన కూర్చున్న పెద్దమనిషి అన్నిటికంటే ఆలోచించి చెప్పాడు. "గెలుపోటములు ఇంకా యాడ తేలినయి? కేసు కోర్టుల ఉన్నది గదా."

అందరూ నావైపు చూశారు. పేపర్లకు రాసేవాణ్ని, పైగా చాలాకాలంగా మోటార్ రేసుల పిచ్చి ఉన్నవాణ్ని. నాకు జవాబు తెలుసు. కానీ చెప్పను. ఈ కాలమ్‌ను ఇవాళ్టి రేసుల పద్ధతిలోనే నడుపుదామని నిర్ణయించుకున్నాను. ముందు వేదిక, వెలుగులు, అతిథులు, మేళాలు. గెలిచినవాడి పేరు అన్నీ అయ్యాక చివరి పేరాలో. ఓపిక లేనివాళ్లు తిన్నగా అక్కడికే దూకవచ్చు. స్టేడియంలో ఆ సౌకర్యం కూడా ఉండదు.

ముందుగా వేదిక. 2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్, హుస్సేన్‌సాగర్ ఒడ్డు. ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల పోటీకి సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్. 2013లో ఢిల్లీ పక్కన ఫార్ములా వన్ ఆగిపోయాక ఈ దేశానికి వచ్చిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల రేసు అదే. ఇది చిన్న సంగతి కాదు. మన ఊళ్లో, మన రోడ్ల మీద, గంటకు 300 కిలోమీటర్ల పైన పోగల కరెంటు కార్లు. ఇంత పెద్ద సంగతి చేతిలో ఉన్నప్పుడు దాన్ని జనానికి చూపిస్తే చాలదా? చాలదట. దానికి నెయ్యి, జీడిపప్పు, బంగారు రేకు తగిలించాలి. తినేవాడికి అడుగున అన్నం ఉందో లేదో తెలియకూడదు.

మర్నాడు టీవీల్లో, ఫోన్లలో తిరిగినవేమిటో గుర్తు చేసుకోండి. సచిన్ కారు నడిపాడు. రామ్‌చరణ్ స్టెప్పు నేర్పాడు, ఆనంద్ మహీంద్రా ఆ వీడియోను స్వయంగా లోకానికి పంచాడు. ఎవరు వచ్చారు, ఏ బట్టల్లో వచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు. వీటి మధ్య ఎక్కడో కార్లు కూడా తిరిగాయని ఆ చప్పుడును బట్టి చెప్పడానికీ వీల్లేదు. కరెంటు కార్లు కదా, చప్పుడు కూడా తక్కువే.

ట్రాక్ మీదికి సినిమా వాళ్లే కాదు, మామూలు జనం కూడా వచ్చారు. ముందురోజు ప్రాక్టీస్ వేళకు ఊరి బండ్లు ట్రాక్ మీదికి వచ్చేయడంతో ఆ ప్రాక్టీస్ ఆలస్యమైంది. దేశదేశాల వాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ బండ్ల వాళ్ల మీద గౌరవం కలిగింది. ఆ రేసు రోజుల్లో హైదరాబాద్ వాళ్లు రేసు ట్రాక్ మీద సొంతంగా బండి నడిపిన ఘట్టం అదొక్కటే.

ఇంకా వెనక్కి పోతే, 2022 నవంబరులో అదే ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. ప్రమాదాలూ ఆలస్యాలూ కలిసి చివరికి వెలుతురు చాలక అసలు రేసు జరగలేదు. జనం వచ్చారు, కూర్చున్నారు, ఎండలో మాడారు, ఇళ్లకు పోయారు. రేసును పూర్తిగా తీసేసినా కార్యక్రమం ఆగదని నిర్వాహకులకు ఆ రోజే తెలిసి ఉంటుంది. ఇలాంటి సత్యాలు ఒకసారి తెలిస్తే మరిచిపోవడం కష్టం.

ఇదంతా మన దగ్గరే అనుకుంటే పొరపాటు. ఈ విద్యలో గురువులు అమెరికాలో ఉన్నారు. మయామీలో 2022లో ఫార్ములా వన్ పెట్టినప్పుడు ట్రాక్ పక్కన పడవల రేవు కావాలనిపించింది. సముద్రం దూరం. అందుకని నేలకు నీలిరంగు నీళ్లు గీసి, దాని మీద నిజం పడవలు నిలబెట్టారు. మా దగ్గర చెరువును పూడ్చి ప్లాట్లు చేస్తారు, వాళ్లు ప్లాటును చెరువు చేశారు. తేడా అంతే.

తర్వాతి ఏడాది నవంబరులో లాస్ వెగాస్. డ్రైవర్లను ఒక్కొక్కరినీ వెలుగుల మధ్య వేదికల మీద పైకి లేపి చూపించారు. అప్పటికి మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ వెర్‌స్టాపెన్‌కు అక్కడ నిలబడితే తానొక జోకర్‌లా అనిపించిందట. ఇది 99 శాతం షో, ఒక్క శాతం ఆట అని తేల్చేశాడు. ఆ ఒక్క శాతమైనా సజావుగా సాగిందా? మొదటి ప్రాక్టీస్ మొదలైన ఎనిమిది నిమిషాలకే రోడ్డులోని నీటి వాల్వు మూత లేచి కార్లోస్ సైంజ్ ఫెరారీ అడుగును చీల్చేసింది. రెండో ప్రాక్టీస్ అర్ధరాత్రి దాటి రెండున్నరకు మొదలైంది. అప్పటికి టికెట్టు కొన్న జనాన్ని బయటికి పంపించేశారు. వెలుగుల గోళాలకు, వేదికలకు, పాటగాళ్లకు ఉన్న శ్రద్ధ మూతకు లేదు. మూతల విషయంలో హైదరాబాద్ ఎవరికీ తీసిపోదని మనం గర్వపడవచ్చు.

అదే వెర్‌స్టాపెన్ శనివారం రాత్రి జరిగిన ఆ రేసు గెలిచి, రేడియోలో లాస్ వెగాస్ మీద పాట కూడా పాడాడు. తిట్టినవాడి చేతే పాట పాడించడం షో గొప్పతనం. దాని ముందు మనమెంత?

ఈ విషయాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు గ్రహించింది ఎవరో చెబితే మీరు నమ్మరు. ఉత్తరప్రదేశ్ పన్నుల శాఖ. 2011లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కు వచ్చిన ఫార్ములా వన్‌ను ఆ రాష్ట్ర ప్రభుత్వం క్రీడ కాదు, వినోదం అని లెక్కగట్టింది. అభిమానులం అప్పుడు ఎంత తిట్టామో! డ్రైవర్ వెటెల్ మూలమలుపులో కారును గీత మీద పెట్టే తీరు చూసి వినోదం అంటారా, వీళ్లకు ఆట తెలుసా అన్నాం. ఇప్పుడు ఆ ఫైలు రాసిన గుమాస్తా ఎవరో తెలిస్తే శాలువా కప్పాలనిపిస్తోంది. లాస్ వెగాస్‌ను ఆయన ఎన్నో ఏళ్ల ముందే చూశాడు.

పన్నుల గొడవతో పాటు ఇతర గొడవలూ చేరి 2013 తర్వాత ఆ రేసు మళ్లీ రాలేదు. ఆఖరి ఏడాది వెటెల్ వరుసగా మూడోసారి అక్కడ గెలిచి, నాలుగో ప్రపంచ టైటిల్ అందుకుని, ఆ సంతోషంలో జనం ముందు కారును గుండ్రంగా తిప్పాడు. టైర్ల పొగ లేచింది. కారు దిగి దానికే దండం పెట్టాడు. గ్యాలరీ ఊగిపోయింది. ఆ మూడేళ్లలో ఎవరూ స్పాన్సర్ చేయని, ఎవరూ రాసివ్వని వినోదం అదొక్కటే. దానికి అధికారులు వెటెల్‌ను మందలించి, జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. రేసు వాడు రేసు కారుతో రేసు ట్రాక్ మీద సంతోషపడితే నేరం. పాటగాడు వచ్చి సంతోషపెడితే కార్యక్రమం.

దీనికి కారణం లేకపోలేదు. నేను చాలా ఆలోచించి కనిపెట్టాను. తప్పంతా హెల్మెట్‌ది. క్రికెట్‌లో సెంచరీ కొట్టాక హెల్మెట్ తీసి మొహం చూపిస్తారు. కబడ్డీలో తొడ కొట్టినవాడు కళ్లెదుటే ఉంటాడు. రేసులో డ్రైవర్ మొహం గాజు వెనక, గాజు హెల్మెట్‌లో, హెల్మెట్ కారులో. ఆ మొహం ఫ్లెక్సీకి పనికిరాదు. నగరానికి రేసు తెచ్చేవాడు కోట్లు కట్టాలి, కోట్లు కట్టేవాడికి స్పాన్సర్ కావాలి, స్పాన్సర్‌కు మొహం కావాలి. కనబడే మొహం లేకపోతే అరువు తెచ్చుకుంటారు. అలా అరువు మొహాలు ముందు వరసకు, అసలు మొహాలు హెల్మెట్ లోపలికి పోయాయి.

ఫార్ములా-ఈ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. 2014లో ఆ పోటీ పుట్టినప్పుడే ఫ్యాన్‌బూస్ట్ అని పెట్టారు. అభిమానులు ఓట్లేస్తే, ఎక్కువ ఓట్లు పడ్డ డ్రైవర్ల కార్లకు కాసేపు అదనపు బలం. నడిపేవాడి నైపుణ్యం సంగతి తర్వాత, ముందు పాపులారిటీ. హైదరాబాద్ రేసు నాటికే దాన్ని ఎత్తేశారు. ఎత్తేయకపోయినా మనకు కొత్తేమీ కాదు. ఓటుతో కారు పరుగెత్తడం, ఓటుతోనే కారు ఆగడం తెలంగాణ రెండూ చూసింది.

ఇంత అనుభవం పోగైనాక మా బసంత్‌నగర్ వెనకబడి ఉండడం న్యాయం కాదు. మాకు రన్‌వే ఉంది. కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ కాలం నాటిది. ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగి, తర్వాత మానేశాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాని మీద విమానం ఇంకోసారి దిగుతుంది, ఉపన్యాసంలో. ఆ రన్‌వే మీద రేసు పెడితే ఎలా ఉంటుందని హోటల్లోనే కార్యక్రమ పత్రం రాసేశాం. చదువుకోండి.

ఉదయం 9 గంటలకు: జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం ఆరిన ప్రతిసారీ మళ్లీ.

9.40: అతిథులను వేదిక మీదికి పిలుచుట. పిలవని అతిథులు తామే వచ్చుట.

11.00: శాలువాలు. వేదిక మీద వంద మంది, శాలువాలు తొంభై. మిగిలిన పది మందిని బుజ్జగించుట.

12.15: ఇద్దరు నాయకుల వర్గాలు ఫ్లెక్సీ ఎత్తు మీద తగువుపడుట. పోలీసు వారి ప్రసంగం.

1.00: భోజనాలు. ఎడమ వైపు వీఐపీ, కుడి వైపు వీవీఐపీ. డ్రైవర్లు టిఫిన్ డబ్బా తెచ్చుకోవలెను.

2.30: సినిమా తార రాక. రాక ఆలస్యమైనచో తార రాక గురించి యాంకర్ గారి ప్రసంగం.

4.10: డీజే. ఈ సమయమున కార్లు స్టార్టు చేయరాదు, పాట వినబడదు.

4.50: రేసు.

4.53: రేసు సమాప్తం.

4.55 నుంచి రాత్రి 10 దాకా: అసలు కార్యక్రమం.

మామ అంతా విని ఒకే ఒక్క సవరణ చెప్పాడు. "నాలుగు యాభై కాడ వాన పడేటట్టు జూడుండ్రి. గా మూడు నిమిషాలు గూడ మిగులుతయి."

మా బొగ్గు బాయిల దగ్గర ప్లేడే అనే మాట ఒకటుంది. వినగానే ఆటల రోజు అనుకుంటారు. కాదు. సెలవు పూట డబుల్ మస్టర్‌కు, అంటే రెట్టింపు జీతానికి, చేసే డ్యూటీ. ఆట అనే పేరు పెట్టి పని చేయించడం మాకు అలవాటే. ఆట అనే పేరు పెట్టి ఆట తప్ప అన్నీ చేయించడం మాత్రం ఈ మధ్యే చూస్తున్నాం.

ఆ సాయంత్రం మామను కూర్చోబెట్టి ఫోన్‌లో ఆ హైదరాబాద్ రేసు చూపించాను. వ్యాఖ్యానం ఇంగ్లిషులో ఉంది, నేను మధ్యమధ్య చెబుతున్నాను. ఒక దశలో జాగ్వార్ జట్టు కార్లు రెండూ మలుపులో ఒకదాన్నొకటి గుద్దుకుని, రెండూ పోయాయి. ముందు వరసలో మొదటి స్థానం నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ను గుద్దింది సొంత జట్టువాడే.

"ఇద్దరిది ఒకే ఇల్లా?" అన్నాడు మామ.

"ఒకే కంపెనీ మామా."

"అయితే గంతే. భూమి పంచాయితీ."

కాసేపటికి తెర మీద పేర్ల పక్కన అంకెలు చూపించి అవేమిటన్నాడు. బ్యాటరీలో ఎంత కరెంటు మిగిలిందో దాని శాతం అన్నాను. అంతే, మామ లేచి సర్దుకుని కూర్చున్నాడు. ఫోన్ నా చేతిలోంచి తన చేతిలోకి పోయింది.

"ముందట పోయేటోనికి తక్కువున్నది. ఎన్కొచ్చేటోనికి ఎక్కువున్నది. ముందటోడు జాడిచ్చి నడిపితే గీత దాక రాడు. నిమ్మలంగ నడిపితే ఎన్కటోడు ఎక్కుతడు. ఇగ ఏం జేస్తడురా వీడు?"

అదీ ప్రశ్న! రేసంతా అదే. పూర్తి జోరుతో చివరిదాకా పోవడానికి ఈ కార్లలో కరెంటు చాలదు. మలుపుకు ముందే కాలు తీసి కారును జారనివ్వాలి. బ్రేకు వేసినప్పుడు మోటారే తిరగబడి కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతుంది. రేసులో ఖర్చయ్యే కరెంటులో కనీసం 40 శాతం అలా తిరిగి వచ్చేదేనని ఈ కారు తయారు చేయించిన వాళ్ల లెక్క. ఇదంతా మామకు నేను పూర్తిగా చెప్పకముందే అందింది.

"ఖాళీ డంపర్ క్వారీలకు దిగేటప్పుడు బ్రేకు తొక్కి తొక్కి దింపేటోడు ఆపరేటరే కాదురా. రిటార్డర్ మీద దింపాలె. మాకు గా జోరంత వేడై గాలిల గలిసేది. వీళ్లు దాన్నే మళ్ల కరెంటు జేసి దాసుకుంటున్నరు. ఇది పైసలు దాసుకునుడసొంటి రేసు!"

రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషను సామర్థ్యమే 2,600 మెగావాట్లు. దాని కింద మా బాయిల బొగ్గు మండుతుంది. కరెంటు ఎక్కడ పుడుతుందో, ఎంత చెమటతో పుడుతుందో తెలిసిన జనం ఇక్కడ ఉన్నారు. యూనిట్ యూనిట్ పొదుపు చేసి గెలిచే రేసు ఒకటి మా రాష్ట్రానికి వచ్చిపోతే, దాని గురించి మా వాళ్లకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. స్టెప్పు నేర్పడానికి మనిషి దొరికాడు, శాతం చెప్పడానికి దొరకలేదు.

చివరి ల్యాప్‌లో వెనకవాడు ముందువాడి బంపరుకు అంటుకుని వస్తున్నాడు. మామ ఊపిరి బిగబట్టాడు. గీత దాటేసరికి ఇద్దరి మధ్య అర సెకను కూడా లేదు. ముందువాడు ఉన్న కొద్దిపాటి కరెంటునూ చివరి చుక్క దాకా లెక్కగట్టి వాడి గెలిచాడు. మామ ఫోన్ కింద పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇంత మంచిగున్నదానికి గా సప్పుడంత ఎందుకురా?"

పక్కనే చూస్తున్న కాలేజీ పిల్లవాడు ఊరుకోలేదు. "తాతా, స్టార్లు రాకపోతే జనం రారు. జనం రాకపోతే రేసే లేదు." వాడి మాటలో నిజం ఉంది. కొత్త ఆటకు జనాన్ని పిలవడానికి డప్పు కావాలి. నేను కాదనను. కానీ మేడారం చూసినవాళ్లకు డప్పు పని ఏమిటో తెలుసు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దె మీదికి తెచ్చేటప్పుడు డోలు మోత ఆకాశానికి అంటుతుంది, పోలీసులు గాల్లోకి తుపాకీ పేలుస్తారు. అంతకంటే పెద్ద హంగామా ఈ రాష్ట్రంలో లేదు. అయినా ఇంటికొచ్చినవాణ్ని ఎవరిని చూశావని అడిగితే సమ్మక్క అంటాడు తప్ప డోలు వాయించినవాడి పేరు చెప్పడు. ఆ హంగామా అమ్మవారి కోసం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మాత్రం డప్పును గద్దె మీద కూర్చోబెట్టాం. కార్లు చుట్టూ ప్రదక్షిణం చేశాయి.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. రెండో రేసు 2024 ఫిబ్రవరి 10న జరగాలి. ప్రభుత్వం మారింది, జనవరిలోనే రేసు రద్దయింది. ఆ రెండో రేసు కోసం చేసిన సుమారు యాభై అయిదు కోట్ల చెల్లింపుల మీద అదే ఏడాది డిసెంబరులో మాజీ మంత్రి కేటీఆర్ మీదా అధికారుల మీదా ఏసీబీ కేసు పెట్టింది. ఆరోపణలు అబద్ధమని ఆయన అన్నారు. తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి, అది నా పని కాదు. నాకు కనబడేది ఒక్కటే. కార్లు లేవు, ట్రాక్ లేదు, డ్రైవర్లు లేరు. షో మాత్రం రోజూ సాయంత్రం ఏడింటికి చర్చావేదికల్లో నడుస్తూనే ఉంది. రేసు జరిగినప్పుడు ఫార్ములా-ఈ పేరు తెలియని పల్లె కూడా, రేసు పోయాక ఆ పేరు నేర్చుకుంది. ఆట పూర్తిగా మాయమై షో ఒక్కటే మిగలడమనే ప్రయోగంలో లాస్ వెగాస్ 99 శాతం దగ్గరే ఆగింది. నూటికి నూరు సాధించింది మనం.

కార్యక్రమంలో ఆఖరి అంశం మిగిలింది. హోటల్ వాళ్లు లెక్క రాసుకునే గోడ మీద, మామ చెబితే, బొగ్గుతో రాశాను. చూసి పోండి.

హైదరాబాద్, 2023 ఫిబ్రవరి 11. మొదటి స్థానం: ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, అంతకు ముందే ఆ పోటీలో వరుసగా రెండేళ్లు చాంపియన్. రెండు: న్యూజిలాండ్‌కు చెందిన నిక్ కాసిడీ. మూడు: పోర్చుగల్‌కు చెందిన ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా.